బరువెత్తలేని వారి కోటా

నీళ్లు పుష్కలంగా ఉన్న ఊరికి పైపులు చాలు. నీళ్లు లేని ఊరికే పరిపాలన కావాలి. ఈ పరమ సత్యాన్ని అందరికంటే ముందు గ్రహించిన ఘనత, తెనాలి నుంచి రేపల్లె వెళ్లే పాసింజరు బండి కాసేపు ఆగే ఒక చిన్న పట్టణానికి దక్కుతుంది. (పేరు అడక్కండి. అడిగిన వాళ్ల మీద కూడా అక్కడ ఏదో ఒక నిబంధన ఉండే ఉంటుంది.)

రెండువేల మూడులో కాలువలకు నీళ్లు సరిగ్గా వదల్లేదు. ఊరి మంచినీళ్ల చెరువు అడుగంటింది. వేరే ఊరైతే చెరువు పూడిక తీయించడం, బోర్లు వేయించడం లాంటి తొందరపాటు పనులు చేసేది. ఈ ఊరి మునిసిపాలిటీ నిదానమైనది. అది ‘కుళాయి అర్హతా నిర్ణయ విభాగం’ అనే కొత్త విభాగాన్ని పెట్టి, లక్ష్మీనరసింహం గారిని అర్హతాధికారిగా నియమించింది. ఆయన ఇల్లు బాపట్లలో. అందుకని ప్రజల సౌకర్యార్థం ఆఫీసు కూడా బాపట్లలోనే తెరిచారు. (అధికారి గారు కూడా ప్రజల్లో ఒకరే కదా.) ఆయన కింది సూపరింటెండెంటు గారి ఇల్లు రేపల్లెలో. కాబట్టి సంతకం బాపట్లలో, సీలు రేపల్లెలో. నీళ్లు మాత్రం ఎక్కడా లేవు.

లక్ష్మీనరసింహం గారు చార్జి తీసుకున్న వారంలోనే రెండు నిబంధనలు తయారుచేశారు. ఒకటి, ఇప్పటికే మునిసిపల్ నీళ్లు అందుతున్న ఇంటికి కుళాయి ఇవ్వరాదు. రెండు, మునిసిపల్ నీళ్ల అవసరం ఉందని రుజువు చేసుకున్న ఇంటికే కుళాయి ఇవ్వాలి. ఈ రెండింటి మధ్యలోంచి ఒక్క ఇల్లు కూడా దూరలేకపోయింది. దాంతో నీటి కొరత పూర్తిగా అదుపులోకి వచ్చిందని విభాగం పైవాళ్లకు రాసుకుంది.

ఇలాంటి ఊళ్లో టైలర్ కాలేషాకు ఇంటి కుళాయి కావాల్సి వచ్చింది.

కాలేషా సరదా కోసం అడగలేదు పాపం. భార్య నూర్ బీకి తెనాలిలో గర్భసంచి ఆపరేషన్ అయింది. ఇంటికి పంపిస్తూ డాక్టరమ్మ అతణ్ణి పక్కకు పిలిచి గట్టిగానే చెప్పింది.

"చూడు బాబూ, ఆర్నెల్లదాకా ఈవిడ బిందె ముట్టుకోకూడదు. నీళ్లు మోయించావో, లోపల కుట్లు విడిపోతాయి. అప్పుడు నా చేతిలో కూడా ఏమీ ఉండదు."

కాలేషా అసలే భయస్తుడు. కూతురు రుక్సార్‌ను పిలిపిద్దామంటే వేటపాలెంలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పని, సెలవు పెడితే ఆ పని ఇంకొకరికి పోతుంది. సరే, తానే మోద్దామనుకుని బిందె చంకన పెట్టుకుని వీధి కుళాయి దగ్గరకు బయల్దేరాడు. అక్కడ ఉన్నవాళ్లందరూ ఆడవాళ్లు.

"ఏంటి కాలేషా తమ్ముడూ, ఇక్కడికే వచ్చి జాకెట్ల కొలతలు తీసుకుంటావా?" అంది ఎదురింటి పున్నమ్మ. అందరూ పగలబడి నవ్వారు.

"నవ్వండక్కా, నవ్వండి. మా ఇంట్లో బాగోలేదు" అన్నాడు కాలేషా చెవులదాకా ఎర్రబడి.

ఆ మాటతో పున్నమ్మ నవ్వు ఆగిపోయింది. "అయ్యో, చెప్పవేంటయ్యా! ఆ బిందె అక్కడ పెట్టేసి పోయి మిషన్ కుట్టుకో. నీళ్లొస్తే నేను పట్టి మీ గడపలో పెడతాగా" అంది.

ఆ వీధిలో పద్ధతి అదే. కుళాయి ఎప్పుడు వస్తుందో కుళాయికే తెలియదు కాబట్టి మనుషులు లైనులో నిలబడరు. మనిషికి బదులు బిందె నిలబడుతుంది. బిందె ఇంట్లో అవసరమైతే చిల్లుపడ్డ బకెట్టు నిలబడుతుంది. పున్నమ్మ తరఫున ఏళ్ల తరబడి ఒక ఇటుక నిలబడుతోంది. దాన్ని పక్కకు జరిపే ధైర్యం ఆ వీధిలో ఎవరికీ లేదు. నీళ్లు వచ్చాయని కేక వినపడగానే ఎవరు దగ్గరుంటే వాళ్లు మిగతావాళ్ల బిందెలు కూడా పట్టేవాళ్లు. విభాగం లేని రోజుల్లో జనం ఇలా క్రమశిక్షణ లేకుండా బతికేవారు.

కానీ ఎంతకాలమని ఎదుటివాళ్ల మీద ఆధారపడతాం అనుకుని కాలేషా ఇంటి కుళాయికి దరఖాస్తు పెట్టాడు. తనిఖీకి ఇన్‌స్పెక్టర్ విజయసారథి వచ్చాడు. కుర్రాడు, కొత్తగా ఉద్యోగంలో చేరాడు, కొత్త బూట్లు. నేరుగా వీధి కుళాయి దగ్గరకే వెళ్లాడు.

"ఈ ఎర్ర బిందె ఎవరిది?"

"మాదేనండి."

"లైన్లో ఉందిగా?"

"ఉందండి."

"అంటే మీకు నీళ్లు అందుతున్నట్టేగా?"

"రెండు రోజులకోసారి ఒక బిందె దొరుకుతుందండి, అది కూడా..."

"అందుతున్నాయా, లేదా? అది చెప్పండి."

"అందుతున్నాయండి" అన్నాడు కాలేషా. ఒకటో నిబంధన కింద దరఖాస్తు కొట్టేశారు.

ఓహో, తప్పంతా బిందెదే అనుకున్నాడు కాలేషా. దాన్ని లైనులోంచి తీసేసి మళ్లీ దరఖాస్తు పెట్టాడు. విజయసారథి మళ్లీ వచ్చి, లైను మొత్తం ఇటు నుంచి అటు చూశాడు.

"మీ బిందె ఏదండీ?"

"తీసేశానండి."

"అవసరం లేకేగా తీసేశారు?"

రెండో నిబంధన కింద రెండో దరఖాస్తు కూడా పోయింది. పైగా పద్ధతి ప్రకారం, తీసిన బిందె తిరిగి పెడితే లైను చివరికి వెళ్లాల్సిందే.

అదే తనిఖీలో ఇంకో విశేషం బయటపడింది. పున్నమ్మ ఇటుక లైనులో ఉంది కాబట్టి దానికి నీళ్ల అవసరం ఉన్నట్లు రుజువైంది. ఇటుకలో నీళ్లు పట్టవు కాబట్టి దానికి నీళ్లు అందడం లేదని కూడా రుజువైంది. రెండు నిబంధనలనూ నెగ్గిన మొదటి దరఖాస్తుదారు అదే. (అది దరఖాస్తు పెట్టుకోలేదన్నది చిన్న లోపం.) విజయసారథి ఇటుకకు కుళాయి మంజూరు చేయవచ్చని సిఫారసు రాసి బాపట్ల పంపాడు. లక్ష్మీనరసింహం గారు ఆ సిఫారసు మెచ్చుకుని, సంతకం పెట్టబోతూ, పేరు గళ్లో ‘ఇటుక’ అని చూసి ఆగ్రహించారు. కుర్రాణ్ణి తిట్టి ఊరుకుంటే పోయేది. ఆయన అధికారి కనుక ఊరుకోలేదు. మూడో నిబంధన వచ్చింది.

ఇకమీదట వీధి కుళాయి దగ్గర మనిషికి బదులు ఏ వస్తువూ నిలబడరాదు. ఒక ఇంటి బిందెను ఇంకో ఇంటివారు నింపినా, మోసినా, దాన్ని అక్రమ నీటి బదిలీగా పరిగణించి ఇద్దరికీ నీళ్లు ఆపేస్తారు.

"ఇదెక్కడి చోద్యం! పక్కింటోళ్లకి బిందెడు నీళ్లు పట్టిస్తే నేరమా?" అని పున్నమ్మ నడివీధిలో నిలబడి విభాగాన్ని, దాని అమ్మా అబ్బనీ కడిగి పారేసింది. విభాగం ఆ తిట్లకు జవాబివ్వలేదు. పున్నమ్మ ఇటుకను మాత్రం స్వాధీనం చేసుకుంది.

ఆ వారమంతా కాలేషా మిషన్ మూసేసి తానే కుళాయి దగ్గర కాపలా కాశాడు. ఇచ్చిన బట్టలు కుట్టలేదని జనం తిడుతున్నారు. అప్పుడు విజయసారథే, ఏదో జాలిపడినట్టు, చల్లగా చెప్పాడు.

"ఇంట్లో ఆపరేషన్ అయిందంటున్నారుగా? బరువెత్తలేని వారి కోటా అని ఒకటుందండి. దాని గురించి ఇంతవరకూ ఎవరూ అడగలేదు."

"ఉందని ఎవరైనా చెప్పారా అండి?"

"అడిగితే చెబుతాం కదండీ."

కాలేషా డాక్టరమ్మ సర్టిఫికెట్ జేబులో పెట్టుకుని, తెనాలిలో బండి మారి, బాపట్ల చేరాడు. లక్ష్మీనరసింహం గారు సర్టిఫికెట్‌ను అటూ ఇటూ తిప్పి చూసి ఎంతో సంతోషించారు.

"శభాష్! ఈ కోటాకి వచ్చిన మొదటి మనిషివి నువ్వేనయ్యా. ఇదిగో సంతకం. రేపు రేపల్లె వెళ్లి సీలు వేయించుకుంటే సరి. ఈలోగా మా కుర్రాడొచ్చి, ఆవిడ బరువెత్తలేదని ఒకసారి కళ్లారా చూసిపోతాడు."

"ఎత్తలేకపోవడం కళ్లారా ఎలా కనపడుతుందండీ?" అని అడగాలనిపించింది కాలేషాకు. సంతకం పెట్టిన చేతిని చూసి ఊరుకున్నాడు.

మర్నాడు రేపల్లె వెళ్లాడు. సూపరింటెండెంటు గారు సీలుతో సహా సూర్యలంక వెళ్లారట, చుట్టాలకు సముద్రం చూపించడానికి. సీలు ఎందుకండీ అంటే, ఇంట్లో పెడితే పిల్లలు గోడలకు కొడుతున్నారని ఆఫీసు ప్యూను చెప్పాడు. కాలేషా సాయంత్రందాకా గుమ్మంలో కూర్చున్నాడు.

ఇక్కడ ఇంట్లో గుక్కెడు నీళ్లు లేవు. నిన్న బాపట్ల వెళ్లాడు కాబట్టి నీళ్లు పట్టలేదు. మధ్యాహ్నం వీధి కుళాయి వచ్చింది. బిందె పట్టుకుని గడపలో నిలబడ్డ నూర్ బీని చూసి పున్నమ్మ అరిచింది.

"నువ్వు రామాక! ఏమైతే అదయింది, నేను తెస్తా!"

"వద్దక్కా. నీకు కూడా ఆపేస్తే మీ పిల్లలేం తాగుతారు? ఒక్క బిందేగా, మెల్లిగా తెచ్చుకుంటాలే" అంది నూర్ బీ.

నూర్ బీ మెల్లిగానే తెచ్చుకుంది. నడుం మీద పెట్టుకుని, ఇంకో చేత్తో గోడ పట్టుకుని, నాలుగడుగులకోసారి ఆగుతూ గడపదాకా వచ్చింది. గడప దగ్గర విజయసారథి నిలబడి ఉన్నాడు. ఆమె బరువెత్తలేదని చూసి పోవడానికి వచ్చాడు. నూర్ బీ బిందె దించబోయి, దించలేక, నీళ్లతో సహా కూలిపోయింది. చీర తడిసింది నీళ్లతోనే కాదని మొదట గమనించింది పున్నమ్మ. ఆవిడ పెట్టిన కేకకు వీధంతా పరిగెత్తుకొచ్చింది. నూర్ బీని రిక్షాలో వేసుకుని స్టేషన్ వైపు తీసుకెళ్లారు. విజయసారథి కూడా రిక్షా ఎక్కించడానికి ఒక చెయ్యి వేశాడు. (పాపం, చెడ్డవాడేం కాదు.) ఆ తర్వాత ఆ చేత్తోనే తన రిపోర్టు రాశాడు. ‘దరఖాస్తుదారు భార్య బిందె ఎత్తినట్లు స్వయంగా చూశాను. కోటా వర్తించదు.’

తెనాలి ఆసుపత్రిలో మళ్లీ కోశారు, మళ్లీ కుట్టారు. డాక్టరమ్మ కాలేషా చేతిలో రెండో సర్టిఫికెట్ పెట్టి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది. అతను వరండాలో కూర్చుని, ఎవరు చూస్తారో అని కూడా చూసుకోకుండా, భోరున ఏడ్చాడు. నూర్ బీకి తెలివి రాగానే అడిగిన మొదటి మాట, "సీలు వేశారా?"

అప్పుడు కాలేషాకు మొదటిసారి ఒళ్లు మండింది. జీవితంలో ఎవరినీ గట్టిగా ఒక మాట అనని మనిషి, రెండో సర్టిఫికెట్ తీసుకుని, బాపట్ల వెళ్లి, అర్హతాధికారి బల్ల మీద దాన్ని విసిరికొట్టాడు.

"చూడండి సార్! మీ రూల్సుకి మా ఆడదాని ప్రాణం మీదకొచ్చింది! ఇప్పుడేమంటారు?"

లక్ష్మీనరసింహం గారు కళ్లజోడు సర్దుకుని మొత్తం చదివారు. ఆయన ముఖం విప్పారింది.

"కూర్చోవయ్యా, కూర్చో. ఇప్పుడు నీ కేసు చాలా బలంగా ఉంది. మొదటి సర్టిఫికెట్లో ఎత్తకూడదు అని మాత్రమే ఉంది. అది డాక్టరు అభిప్రాయం. ఎత్తితే ఏమవుతుందో ఇందులో ఆధారం ఉంది. మొదట్లోనే ఇలాంటిది తెచ్చి ఉంటే ఇంత ఆలస్యమయ్యేది కాదు కదా!"

కాలేషా కొడదామనుకున్న చేత్తోనే, సంతకం పెట్టిన కాగితం అందుకుని, నమస్కారం పెట్టి వచ్చాడు. సీలు కూడా ఈసారి రేపల్లెలోనే దొరికింది.

కుళాయి వచ్చింది. సన్నగా, దారప్పోగులా, రోజూ కాసేపు నీళ్లు కూడా వస్తున్నాయి. నూర్ బీ చేతికి బిందె తగలాల్సిన పని లేదు. పున్నమ్మ వచ్చి కుళాయికి పసుపు రాసి పోయింది. మంజూరు కాగితం కింద మాత్రం ఒక షరతు ఉంది. ఈ కనెక్షన్ సదరు వ్యక్తి బరువెత్తలేనంత కాలమే చెల్లుతుంది. ఆమె కోలుకున్న రోజున కుళాయి తొలగిస్తారు. కోలుకుందో లేదో నెలనెలా వచ్చి విచారిస్తారు.

నెలలు గడిచేకొద్దీ నూర్ బీ ముఖంలోకి రంగు వచ్చింది. పొయ్యి దగ్గర నిలబడి కూర వండుతోంది, పున్నమ్మతో గొంతెత్తి నవ్వుతోంది. ఆ నవ్వు వీధిలోకి వినపడినప్పుడల్లా కాలేషా మిషన్ ఆపి, "మెల్లిగా, మెల్లిగా" అని సైగ చేస్తున్నాడు. వీధి మలుపులో కొత్త బూట్ల చప్పుడు వినిపిస్తే నూర్ బీ గరిటె పొయ్యి మీదే వదిలేసి, మంచమెక్కి, దుప్పటి మెడదాకా లాక్కుంటుంది.

మొన్న విజయసారథి గడపలో నిలబడి, నిజంగా మర్యాదగానే అడిగాడు.

"ఎలా ఉందండీ ఇంట్లో?"

కాలేషా ఆకాశం వైపు రెండు చేతులూ ఎత్తాడు.

"అల్లా దయవల్ల అస్సలు బాగోలేదండి."