కోల్డో కొకోచా

ఆ శనివారం ఉదయం కోల్డో వేసుకున్న పథకం చిన్నదే. భార్య మైషబెల్ వండిన కొకోచా గిన్నెను కోటు కింద దాచుకుని, భోజన సంఘం వెనక తలుపులోంచి దూరి, వేడిచేసి వడ్డించడం. పదకొండేళ్ళుగా చేస్తున్నదే. హేక్ చేప గొంతు కండలతో చేసే ఆ కూర కోల్డోనే వండాలని స్పెయిన్‌లోని సాన్ సెబాస్టియన్ ఊళ్ళో పేరు. సంఘంలో వంట మగవాళ్ళదే. ఆడవాళ్ళు బల్ల దగ్గర కూర్చుని తినవచ్చు, వంటింటి గడప మాత్రం తొక్కకూడదు.

కోటు విప్పేలోపే వసారాలోంచి అధ్యక్షుడు ఇనాసియో కేకేశాడు.

"ఒరేయ్ కోల్డో, మన ఊరి తిండి చూద్దామని ఫ్రాన్స్‌లోని లియోన్ నుంచి వంటవాళ్ళు వచ్చారు. నువ్వు వండుతుంటే పక్కన నిలబడి చూస్తారట. వాళ్ళు మెచ్చుకున్నారంటే జనవరి పండుగకి పెద్ద వంట నీదే!"

ఆ గౌరవం కోసం కోల్డో కలలు కంటున్నాడు. కానీ అతనికి తెలిసిన వంట గుడ్డు ఉడకబెట్టడం వరకే. కోటునూ గిన్నెనూ చీపుళ్ళ అల్మారాలో కుక్కి, మణికట్టుకి రుమాలు చుట్టుకున్నాడు.

"చెయ్యి బెణికిందిరా."

"అంతేగా? నువ్వు చెబుతూ ఉండు, నేను వండుతా."

డాక్టరుతో మాట్లాడాలని చెప్పి కోల్డో మైషబెల్‌కి ఫోన్ చేశాడు. వండుతున్నది మొగుడేననుకుని ఆమె చెప్పసాగింది. అతను ఫోన్ చెవికి ఆనించుకునే, అక్షరం పొల్లుపోకుండా పైకి వల్లించాడు.

"వెల్లుల్లి తీసెయ్. నూనె కాస్త చల్లారనివ్వు. చేప వేసి మూకుడు ఊపు. గరిటె ముట్టుకోకు."

అతిథులు రాసుకున్నారు. వాళ్ళ పెద్ద ఓదీల్ ఆడమనిషి కనుక గడప బయటే నిలబడి, మెడ సాచి రాసుకుంటోంది.

"గుండ్రంగా ఊపు, గాడిదా! నిన్ను కట్టుకుని ముప్పై ఏళ్ళు..."

ఇనాసియో ఊపడం ఆపేశాడు.

"నువ్వు నన్నెప్పుడు కట్టుకున్నావురా?"

మూకుడు కాసేపు కదలకపోయేసరికి నూనె ఒకవైపు, చేప జిగురు ఒకవైపు విడిపోయాయి.

"విరిగిపోయిందే," అన్నాడు కోల్డో ఫోన్లో, ఏడుపు గొంతుతో. అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు వినిపించింది.

ఇల్లు ఎదురు వీధిలోనే. మైషబెల్ ఇంటి చెప్పులతోనే పరుగున వచ్చి, గడపకు అంగుళం దూరంలో, బయటే ఆగింది.

"దించండన్నయ్యా. వేలు పెట్టి చూడండి. కాలట్లేదా? చెంచాడు నీళ్ళు పొయ్యండి. ఇప్పుడు ఊపండి, మెల్లిగా."

నూనె తెల్లబడి, చిక్కబడి, చేపను పట్టుకుంది. ఇనాసియో అందించిన ముక్కను రుచి చూసి ఓదీల్ కళ్ళు మూసుకుంది. తెరిచాక పక్కనున్న మైషబెల్ వైపు తిరిగింది.

"ఈ వంట మీదే కదూ?"

మైషబెల్ మొగుడి వైపు చూసింది. మొగుడి పరువు ఇప్పుడామె నోట్లో ఉంది. అది చూసి కోల్డోకి మొదటిసారి నిజంగా సిగ్గేసింది. మణికట్టు రుమాలు విప్పేశాడు.

"ఆవిడదే. పదకొండేళ్ళ నుంచీ ఆవిడదే. కావాలంటే ఆ అల్మారాలో చూడండి, ఇవాళ్టి గిన్నె."

అందరూ అధ్యక్షుడి వైపు చూశారు. ఇనాసియో మూకుడు బల్ల మీద పెట్టాడు.

"జాగ్రత్తగా తియ్యి," అన్నాడు. "పక్కనే మా ఆవిడ చేసిన స్క్విడ్ కూర ఉంది, ఒలికిపోగలదు."

మరుసటి వారమే సంఘం సమావేశమైంది. జనవరి పండుగకు పెద్ద వంట మైషబెల్‌దని అందరూ చేతులెత్తారు. నూరేళ్ళ నాటి నియమాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. గడపనే పెకలించి, పొయ్యికి అవతల లోపలి వైపు పాతారు.