పన్నెండు లోపలికి, రెండు బయటికి

కళ్లద్దాల షాపులో రోజంతా "ఇది బాగా కనిపిస్తోందా, అది బాగా కనిపిస్తోందా?" అని అడిగే మనిషి తనకోసం ఒక వస్తువు ఎంచుకోవలసి వస్తే ఎంతకాలం పడుతుంది? చిన్నల్లుడికి తొమ్మిది వారాలు పట్టింది. అత్తారింటివాళ్లంతా ఆయన్ని చిన్నల్లుడనే అంటారు కనుక మనమూ అలాగే అందాం. వీడియోలు చూసి, మీటలు లెక్కపెట్టి, షాపువాడి ప్రాణం తోడేసి, చివరికి పన్నెండు మైకుల దాకా తగిలించి గొంతుల హెచ్చుతగ్గులు సరిచేసే పన్నెండు చానెళ్ల ఆడియో మిక్సర్ ఒకటి ఇంటికి తెచ్చాడు. ఆ ఆదివారం పథకం చాలా తేలిక. తొమ్మిదింటికి పాట రికార్డు చేయడం, తర్వాత తీరిగ్గా సరిదిద్దడం, సాయంత్రం ఐదులోపు రేడియోవాళ్ల కుటుంబ గీతాల పోటీకి పంపడం.

పాట ఆయన భార్యది. పదేళ్లుగా కూనిరాగాలతో సరిపెట్టుకున్న మనిషి తొలిసారి తనే రాసి, తనే బాణీ కట్టింది. "ఇది కూడా బాగా రాకపోతే ఇంక పాట జోలికి పోనండీ" అని ముందురోజే చెప్పేసింది. ఆవిడ ఊరికే అనే రకం కాదు. ఆ మాట విన్నప్పటినుంచీ చిన్నల్లుడికి తిండి సహించడం లేదు.

పైగా ఆయన చేసిన నిర్వాకం ఒకటుంది. మొదట మామగారు పిలిచి, "అల్లుడుగారూ, అమ్మాయి గొంతు కాస్త తగ్గించండి. నా వేణువు మునిగిపోతోంది" అన్నారు. తర్వాత భార్య అక్క, అంటే ఆయనకు వదిన, వచ్చి, "మరిదిగారూ, మా తమ్ముడి డ్రమ్ము వినిపించకుండా చూడండి, పుణ్యముంటుంది" అంది. ఆ తమ్ముడు, అంటే బావమరిది, మేడమెట్ల మీద ఆపి, "బావా, రెండో చరణంలో పెద్దక్క శ్రుతి తప్పుతుంది. అక్కడ కోసెయ్" అన్నాడు. ఆఖరికి భార్య కూడా, "మా నాన్న ఊదేదానికంటే ఆయన ఊపిరే ఎక్కువ వినిపిస్తోందండీ" అంది. నలుగురికీ ఆయన ఒకటే జవాబు చెప్పాడు. "మీరు పాడండి చాలు. మిగతాది మిక్సర్ చూసుకుంటుంది."

తొమ్మిదింటికి మొదలు కావలసింది వైర్లు పరిచేసరికి పన్నెండయింది. భార్య పడగ్గదిలో, వదిన వంటింట్లో, బావమరిది సామాన్ల గదిలో, మామగారు హాల్లో. అందరికీ తలో మైకు, చెవులకు హెడ్‌ఫోన్లు. నడవాలో బల్ల వేసుకుని చిన్నల్లుడు. భోజనాలయ్యాక పాట మొదలైంది. పక్కవాళ్లను ఎలాగూ తగ్గించేస్తారన్న ధీమాతో ఎవరికి వారు రెచ్చిపోయారు. బావమరిది డ్రమ్మును బాదిన బాదుడికి అరల్లో గిన్నెలు లయగా కదిలాయి. వదిన రెండో చరణంలో శ్రుతిని వదిలేసి తన దారిన తాను వెళ్లిపోయింది. చిన్నల్లుడు మాత్రం చిరునవ్వు చెరగనివ్వలేదు. అందరినీ విడివిడిగా పట్టుకున్నాడు కదా, ఒక్కొక్కరి పని తర్వాత చూడవచ్చు.

పాట అయిపోయి కంప్యూటర్ తెరిస్తే, మనిషికొకటి చొప్పున నాలుగు ఉండవలసిన చోట రెండే గీతలున్నాయి. మీట తగ్గిస్తే మామగారితోపాటు కుటుంబం మొత్తం తగ్గుతోంది, పెంచితే అందరూ పెరుగుతున్నారు.  ఆయన పెరట్లోకి పోయి షాపువాడికి ఫోన్ చేశాడు.

"పన్నెండు చానెళ్లన్నారు కదండీ? కంప్యూటర్లో రెండే కనిపిస్తున్నాయేంటి?"

"పన్నెండూ లోపలికి వస్తాయి సార్. లోపల కలిసిపోయి బయటికి రెండే వెళ్తాయి. ఎడమొకటి, కుడొకటి."

"మరి ఆ ముక్క ముందే చెప్పొద్దా?"

"మీరు అన్నీ అడిగారు సార్, అదొక్కటే అడగలేదు. విడివిడిగా పంపేది వేరే మోడల్. నాలుగు రోజుల్లో తెప్పిస్తాను."

చిన్నల్లుడు ఫోన్ పెట్టేసి లోపలికొచ్చాడు. గడియారం రెండున్నర చూపిస్తోంది. నిజం చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే పాట పోతుంది. పరువును కాపాడుకోవాలనే ముందు అనిపించింది, పాపం. "ఇంకొక్కసారి పాడదాం. ఊరికే, జాగ్రత్త కోసం" అన్నాడు.

ఈసారి వాళ్లు పాడుతుండగానే మీటలు సర్దేద్దామనుకున్నాడు. కానీ ఆయన కదిపిన ప్రతి మీటా వాళ్ల హెడ్‌ఫోన్లలో వెంటనే తెలిసిపోతోంది. మామగారిని కాస్త దించాడు. వేణువు వినపడక ఆయన మరింత గట్టిగా ఊదారు. ఆ ఊపిరిని దాచడానికి భార్య గొంతు పెంచితే, వదిన నేనేం తక్కువ తిన్నానా అన్నట్టు అందుకుంది. వదినను దించబోయి కంగారులో డ్రమ్ము మీట పైకి తోశాడు. సామాన్ల గదిలో పిడుగు పడింది.

"ఆపండి!" అని వంటింట్లోంచి వదిన బయటికొచ్చింది. "మరిదిగారూ, నాకిచ్చిన మాటేంటి, మీరు చేస్తున్నదేంటి? వాడి డ్రమ్ము తగ్గిస్తానన్నారా లేదా?"

బావమరిది చేతిలో పుల్లలతోనే ఊడిపడ్డాడు. "నా డ్రమ్మా? నీ గొంతే కోసేస్తానని బావ నాకు మాటిచ్చాడు!"

"అంటే మీకూ మాటిచ్చాడా?" అన్నారు మామగారు నెమ్మదిగా.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఇక్కడ ఆ కప్పలూ పాములూ కలిపి ముగ్గురు. నాలుగోది పడగ్గది గుమ్మంలో నిలబడి చూస్తోంది. గంటసేపు సాగింది ఆ పోట్లాట.  నాలుగున్నరవుతుండగా భార్య నడవాలోకి వచ్చింది.

"ఏమండీ, ఎవరినైనా తర్వాత తగ్గించడం కుదురుతుందా, కుదరదా?"

"కుదరదు" అన్నాడు, తల దించుకుని. "నేను కొన్నదే తప్పు. నీ పాట నేనే పాడుచేశాను."

"అంటే, ఎలా పాడితే అలాగే వెళ్తుందా?"

"అలాగే."

 వదిన మంచినీళ్లు తాగి, రెండో చరణం ఒకసారి చెప్పవే అని చెల్లెల్ని అడిగింది. బావమరిది పుల్లలు పక్కనపెట్టి వేళ్లతో మెల్లగా వాయించి చూసుకున్నాడు. మామగారు గోడదాకా వెనక్కి జరిగి, "అమ్మా, ఇక్కడినుంచి ఊపిరి వినిపిస్తోందా?" అన్నారు. భార్య మైకులన్నీ హాల్లోకి తెప్పించింది, మిక్సర్ మీద మీటలన్నీ ఒకే వరుసలో నిలబెట్టింది. చిన్నల్లుడి చెయ్యి అలవాటుగా అటు వెళ్లింది.

"మీరు దాన్ని ముట్టుకోకండి. రికార్డు బటన్ ఒక్కటి నొక్కేసి కాసేపు వీధిలో నిలబడండి. హారన్లు రాకుండా చూడండి, చాలు."

నాలుగూ యాభై ఆరుకి పాట వెళ్లింది. పదిహేను రోజుల తర్వాత రేడియోవాళ్లనుంచి ఉత్తరం వచ్చింది. పాట ఎంపికైంది. భార్య రెండుసార్లు చదువుకుని కళ్లు తుడుచుకుంది, ఆ తర్వాత కింది వాక్యం పైకి చదివింది. "ఏ గొంతునూ ఎక్కువ తక్కువ చేయకుండా ఇంత సమతూకంగా కలిపిన సాంకేతిక నిపుణుడికి మా ప్రత్యేక అభినందనలు."

ఆ పాట రికార్డవుతున్నంతసేపూ సదరు నిపుణుడు వీధి మలుపులో నిలబడి, హారన్ కొట్టొద్దని వచ్చేపోయే స్కూటర్లకు దండాలు పెడుతున్నాడు.