కాజిమిర్ దగ్గరున్న చివరి రీలు

శనివారం పొద్దున ఆర్విల్ టెస్మర్ తలపెట్టిన పని చిన్నదే. తన పాత హత్య సినిమా రీళ్లను తుడిచి, మరోసారి చూసుకోవడం. పేరున్న సినిమాలు ఊరందరివీ. ఎవరికీ గుర్తులేని ఇలాంటి చవక సినిమా మాత్రం దాచుకున్నవాడిదే. అందులో నటించి పోయినవాళ్లను ఈ భూమ్మీద తలుచుకునేది తనొక్కడేనని అతని నమ్మకం.

ఒకటే లోటు, చివరి రీలు లేదు. నగల వ్యాపారిని చంపిందెవరో ఆర్విల్‌కు తెలియదు. ఆ రీలు అతనుండే టొలీడో ఊళ్లోనే, ఒకప్పటి ప్రాణస్నేహితుడు కాజిమిర్ వోయ్‌టాస్ దగ్గరుంది. హంతకులెవరో కాజిమిర్‌కు తెలుసు, చచ్చిందెవరో తెలియదు. నీది నాకివ్వమంటే నీది నాకివ్వమని పోట్లాడుకుని, ఇద్దరూ ఏళ్ల తరబడి మాటలు మానేశారు.

కాఫీ తాగి వచ్చేసరికి రీళ్ల డబ్బాలు లేవు.

"పాత ఫిల్ము కదా, ఒకటే వెనిగర్ కంపు! గాలికి వరండాలో పెట్టాను," అంది భార్య డెలోరిస్.

వరండాలోనూ లేవు. చర్చి సంతకు పాత సామాన్లు పోగుచేస్తున్నవాళ్లు తమకే ఇచ్చారనుకుని పట్టుకుపోయారు. ఆర్విల్ ఇంటి చెప్పులతోనే చర్చికి పరిగెత్తాడు.

"అయ్యో, ఇప్పుడే అమ్ముడుపోయాయండీ," అంది బల్ల దగ్గరి ముసలావిడ. "ఎవరో పెద్దాయన. డబ్బాలు చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు పాపం."

ఆ డబ్బాలు చూసి ఏడ్చేవాడు ఊళ్లో ఇంకొక్కడే ఉన్నాడు.

ఆర్విల్ వెళ్లి కాజిమిర్ తలుపు బాదాడు. "దొంగా! చూసేశావా?"

"చూళ్లేదురా," అన్నాడు కాజిమిర్ తలుపు తీసి. లోపల ప్రొజెక్టర్ సిద్ధంగా ఉంది. ముందు రెండు కుర్చీలు. "ఒక్కణ్ణే చూస్తే ఎవడితో పోట్లాడను? నీకు ఫోన్ చేద్దామని కూర్చున్నా. చెయ్యాడలేదు."

ఆర్విల్ లోపలికొచ్చి రెండో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తప్పు తనదని వెనకే వచ్చిన డెలోరిస్ గుమ్మం దగ్గర నిలబడింది.

ఆర్విల్ రీళ్లన్నీ అయ్యాక, కాజిమిర్ తన రీలు ఎక్కించాడు. తెరమీద ఏదో ఓడరేవు. నగల వ్యాపారి ఊసే లేదు. డిటెక్టివ్‌కు ఉన్నట్టుండి మీసం మొలిచింది. చివరికి పోలీసులు ఒకావిడకు బేడీలు వేశారు.

"ఈవిడెవర్రా?"

"హంతకురాలు," అన్నాడు కాజిమిర్ నీరసంగా.

"ఎవర్ని చంపింది?"

"అది వేరే సినిమా," అంది డెలోరిస్ కాజిమిర్‌తో. "మీ డబ్బా మీద చీటీ తప్పు."

రీలు అయిపోయినా ఎవరూ ప్రొజెక్టర్ ఆపలేదు. కాజిమిర్ తన కుర్చీని ఆర్విల్ వైపు తిప్పుకున్నాడు.

"నగలవాణ్ణి చంపింది గుమాస్తానే."

"నీ మొహం! వాడి తమ్ముడు!"

ఇప్పుడు ఇద్దరూ కలిసి ఒక సినిమాకు చివర, ఇంకో సినిమాకు మొదలు వెతుకుతున్నారు.