కాస్త పక్కకి జరుగుతావా బాబాయ్?

మీ వీధికి ఫొటోగ్రాఫర్లు రావడం లేదా? అయ్యో పాపం! మరి మీరు బతికే ఉన్నారనడానికి సాక్ష్యం ఏమిటి?

మాకా బెంగ లేదు. ప్లోవ్‌దివ్ ఊళ్ళో మా వీధి ఈ చివర తుమ్మితే ఆ చివర వినబడేంత చిన్నది. అయినా రోజుకు నూట నలభై కెమెరాలు వస్తాయి. నా కిటికీలోంచి నేనే లెక్కపెట్టాను, ఇంతకంటే పనేముంది గనక!

వీళ్ళని న్యూసెన్స్ అనేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. న్యూసెన్సా? వరం! కెమెరాలు వచ్చాకే కదా మేం మనుషులమయ్యాం! ఒకప్పుడు చెత్త పారబోయడానికి చిరుగుల పైజమాతో దిగేవాణ్ణి. ఇప్పుడు గడ్డం గీసుకుని, తల దువ్వుకుని దిగుతున్నాను. మూడో అంతస్తావిడ ఆరేసిన లోదుస్తులకి ఎక్కడో ఎగ్జిబిషన్‌లో బహుమతి కూడా వచ్చిందట. ఆవిడకి ఆ సంగతి తెలియదు. తెలిస్తే మళ్ళీ ఆరెయ్యదేమోనని మేమెవరమూ చెప్పలేదు.

సెప్టెంబరులో చలికాలం కోసమని వీధిలోనే ఎర్ర మిరపకాయలు కాల్చుకుంటాం. ఒకాయన వచ్చి, పొగ సరిగ్గా పడలేదు, మళ్ళీ కాల్చమన్నాడు. కాలిన మిరపకాయని మళ్ళీ కాలిస్తే ఏమవుతుంది? కళ అవుతుంది! ఆ చలికాలమంతా మేం కళనే రొట్టెలో నంజుకు తిన్నాం.

ఇక ఉద్యమాల సంగతి సరేసరి. కుళాయిలో నీళ్ళు రావడం లేదని నిరుడు ధర్నా చేశాం. మేం పదిహేడు మందిమి, కెమెరాలు నలభై. "బకెట్లు ఇంకాస్త పైకి!" అన్నారు, ఎత్తాం. "కోపంగా చూడండి!" అన్నారు, చూశాం. ఫొటోలు ఎంత బాగున్నాయనుకున్నారు! కుళాయి మాత్రం ఇంకా అలాగే ఉంది.

అయితే ఈ జనమంతా వచ్చేది మా గోడ కోసం. మా నాలుగంతస్తుల బిల్డింగు పక్కగోడ మీద ఎవరో పరదేశి చిత్రకారుడు స్టూలు మీద కూర్చున్న ముసలాయన బొమ్మ వేసిపోయాడు. చేతులు మోకాళ్ళ మీద, చూపు ఎటో దూరంగా. జీవకళ ఉట్టిపడుతోందని అందరూ అంటారు.

సరిగ్గా ఆ బొమ్మ కింద, నిజం స్టూలు మీద, నిజం ముసలాయన ఒకడు కూర్చునేవాడు. మా కింది వాటా నైడెన్ బాబాయ్. ముప్ఫయ్యేళ్ళు ట్రాలీబస్సు నడిపి రిటైరయ్యాడు. తలమీద టోపీ, గుప్పెట్లో పొద్దుతిరుగుడు గింజలు, వచ్చేపోయేవాళ్ళకి పలకరింపులు. అదీ ఆయన దినచర్య. గోడమీది జీవకళకి అడ్డమొచ్చేది ఈయనొక్కడే.

"బాబాయ్, కాస్త పక్కకి జరుగుతావా?"

"దానికేం భాగ్యం!" అని స్టూలు కూడా చేత్తో పట్టుకుని జరిగేవాడు. రోజుకు ఎన్నిసార్లో! నేనే ఉండబట్టలేక ఓసారి, "నీకు కోపం రాదా బాబాయ్?" అని అడిగాను.

"పోనీలేరా, పైవాడి ముక్కు నా ముక్కుకంటే బాగుంది," అన్నాడు.

మర్యాదస్తులు లేకపోలేదు. కెమెరా చూపించి, మిమ్మల్ని తీసుకోవచ్చా అని సైగ చేసేవారు. బాబాయ్ మొహం చేటంత చేసుకుని తల అడ్డంగా ఊపేవాడు. మా దేశంలో దానర్థం ఔనని. వాళ్ళ దేశాల్లో వద్దని. క్షమించమన్నట్టు చెయ్యెత్తి వెళ్ళిపోయేవారు. బాబాయ్ టోపీ సర్దుకుని, ఇప్పుడు తీస్తారు ఇంకాసేపట్లో తీస్తారు అని కదలకుండా కూర్చునేవాడు.

పోయిన నెల బాబాయ్ చనిపోయాడు. మధ్యాహ్నం భోంచేసి, కాసేపు నడుం వాలుస్తానన్న మనిషి మళ్ళీ లేవలేదు.

మనిషి పోతే ఫొటో వేసి కాగితం అచ్చువేయించి గుమ్మానికీ, స్తంభాలకీ, బస్టాపుకీ అతికిస్తాం కదా. ఆ కాగితం చూసే నలుగురూ సాగనంపడానికి వస్తారు. ఆయన భార్య రుస్కా పిన్ని ఇల్లంతా వెతికితే దొరికింది ఒక్క ఫొటో. ముప్ఫై రెండో ఏట డ్రైవింగు లైసెన్సు కోసం తీయించుకున్నది. ఒత్తు జుట్టు, హీరో చూపు! గత్యంతరం లేక అదే అతికించాం.

స్తంభం దగ్గర ఆగినవాళ్ళు ఆగినట్టే, "అయ్యో, కుర్రాడే!" అని నిట్టూర్చి వెళ్ళిపోయారు. కింద చిన్నక్షరాల్లో వయసు డెబ్భై ఎనిమిదని ఉంది గానీ, అక్షరాలెవరు చూస్తారు, మొహం కదా చూసేది! సమాధి దగ్గర మేం తొమ్మిది మందిమి తేలాం.

మర్నాడు గాంచో వచ్చాడు. ఇరవయ్యేళ్ళుగా వారం వారం బాబాయ్‌తో పాచికలాడే మనిషి. చంకలో పాచికల పెట్టె.

"నైడెన్ ఏడీ? వాడి పేరే ఉన్న కుర్రాడెవడో పోయాడు. చెప్పి కాసేపు ఆటపట్టిద్దామని వచ్చా."

పిన్ని నావైపు చూసింది. నేనే చెప్పాను. గాంచో మెట్ల మీద కూలబడ్డాడు.

"చూశానురా. స్తంభం మీద చూసి, నా దారిన నేను పోయానురా," అని వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఆ సాయంత్రం పిన్ని నన్ను పిలిచింది. "నలభయ్యో రోజుకి మళ్ళీ అతికించే కాగితం మీదైనా ఆయన మొహం ఆయనకి పెట్టరా నాయనా."

"ఒక్క ఫొటో అయినా తీసి ఉంచుకోలేదా పిన్నీ?"

"రోజూ ఎదురుగా కూర్చునే మనిషికి ఫొటో ఎవరు తీస్తార్రా?"

ఓస్, ఇంతేనా అనుకున్నాను! రోజుకు నూట నలభై కెమెరాలున్న వీధి! మా గోడని ఇంటర్నెట్‌లో పెట్టిన ప్రతివాడికీ ఉత్తరం రాశాను. ఎంత మంచివాళ్ళండీ, ఆరువందల పన్నెండు ఫొటోలు పంపారు! గోడ, గోడ మీద ఎండ, గోడ ముందు పిల్లి. ఏడింటిలో బాబాయ్ మోచెయ్యి ఉంది. రెండింటిలో టోపీ నీడ. ఒకదాంట్లో గింజల పొట్టు.

ఒకతను ఇలా రాశాడు: "ఆయన పడ్డది ఒకటి ఉండేది సార్. కంప్యూటర్లో తుడిచేసి శుభ్రం చేశాను. చూడండి, ఎక్కడా అతుకు కనబడదు." నిజమే, కనబడలేదు.

ఇంకో మేధావి, గోడమీది ముసలాయన బొమ్మే వేసుకోమని సలహా ఇచ్చాడు. పిన్నికి చెప్పాను.

"వాడెవడో నాకేం తెలుసు? నలభయ్యో రోజున వాడి పేరు మీద నేను గోధుమలుడకబెట్టి పంచనా?" అంది.

ఇంకెక్కడ వెతకను? చివరికి నా ఫోనే చూసుకున్నాను. రెండేళ్ళ క్రితం ఈ పత్రిక కోసమే మా గోడని పదకొండు ఫొటోలు తీశాను. పదకొండూ అద్భుతం. పదకొండింటిలోనూ బాబాయ్ లేడు. ఆ రోజు "కాస్త పక్కకి జరుగుతావా బాబాయ్?" అన్నది నేను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

కాబట్టి కెమెరా మహాశయులారా, ఇంతసేపూ మిమ్మల్ని ఊరికే పొగడలేదు. మీతో పని పడింది. మీ దగ్గర మా వీధిలో తీసి చెడిపోయిన ఫొటో ఏదైనా ఉంటే పంపండి. వంకరగా వచ్చింది, వెలుతురు చాలనిది, ఎవరో ముసలాయన అడ్డమొచ్చి పాడైపోయింది. పారేసే ముందు ఒక్కసారి చూడండి. గోడ కనబడకపోయినా ఫర్వాలేదు.

నలభయ్యో రోజు వచ్చే శనివారం. ప్రెస్సువాడు శుక్రవారం మధ్యాహ్నం దాకా ఆగుతానన్నాడు. పేరూ తేదీలూ అన్నీ కూర్చి, మధ్యలో ఫొటోకి చోటు వదిలి ఉంచాడు.