మంత్రిగారికి చెంబెడు నీళ్లు

గుమ్మడిదల మండలంలో ఇకమీదట ఒక్క జింక కూడా చనిపోవడానికి వీల్లేదని అటవీ శాఖ మంత్రిగారు ప్రకటించారు. ప్రకటన తక్షణం అమల్లోకి వస్తుందన్నారు. దాని కాపీ జింకలకు అందిందో లేదో నాకు తెలియదు గానీ, పోస్టర్లు మాత్రం పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా అంటించారు. పోస్టర్ నిండా మంత్రిగారు, ఆయన చంక కింద ఒక జింక ఉన్నారు.

నా పేరు భీమశంకరం. పటాన్‌చెరులో మైకు సెట్టు కిరాయికిస్తాను. ఏ పార్టీ మీటింగుకైనా నా మైకే. అందుకని నాకు ఏ పార్టీ మీదా కోపం లేదు, అందరినీ సమానంగా మెచ్చుకుంటాను. అయినా ఈ మంత్రిగారంత గొప్ప జంతుప్రేమికుణ్ణి నేను చూడలేదు. ఒట్టు.

సంగతేమిటంటే, ఆ ఏడు, అంటే తొంభై ఆరు ఎండాకాలంలో, కిష్టప్ప అనే రైతు చేను పక్కన వాగు ఒడ్డు మీద మూడు కృష్ణజింకలు చచ్చి పడ్డాయి. అంతకుముందు అదే ఒడ్డు మీద కిష్టప్ప బర్రెలు రెండు పడ్డాయి. కానీ బర్రె అంతరించిపోతున్న జాతి కాదు గనక అప్పుడెవరూ రాలేదు. జింకలకైతే జీపొచ్చింది. అందులోంచి రేంజర్ వెంకటేశం గారు దిగారు.

"ఏందయ్యా కిష్టప్పా, జింకల్ని ఎట్ల సంపినవ్?"

"నేనేడ సంపిన సారూ? వాగు నీళ్లు తాగినయ్, పడ్డయ్. నా బర్రెలు గూడ గట్లనే పాయె. పైనుంచి మందుల ఫ్యాక్టరోళ్లు రంగు నీళ్లు ఇడుస్తున్నరు, సూడుండ్రి, ఎట్ల నురుగొస్తున్నదో."

"ఫ్యాక్టరీ నీళ్లకు సర్టిఫికెట్ ఉన్నది. నీకున్నదా?"

కిష్టప్ప దగ్గర లేదు. ఆయన బాప్ దాదాల కాలం నుంచి ఎవరూ సర్టిఫికెట్ తీసుకోలేదట. రేంజర్ గారు రిపోర్టులో ఇలా రాశారు: 'ఘటనా స్థలంలో ఉచ్చు దొరకలేదు. కావున ముద్దాయి ఆరితేరిన వేటగాడు.' ఇంత పదునైన బుర్ర అడవుల పాలైపోయిందే అని నాకు దిగులేసింది.

కిష్టప్పకు జైలంటే భయం లేదు. దిగులంతా మిగిలిన ఒక్క పాడిబర్రె గురించే. వాగు దిక్కు పోకుండా దాన్ని గుంజకు కట్టేసి, మొగుడూ పెళ్లాం పక్క ఊరి బోరు నుంచి నీళ్లు మోసి తాపుతున్నారు. ఒక్క మనిషి మోస్తే దాని దూప తీరదు. ఆ బర్రె పాలతోనే వాళ్ల ఇల్లు గడుస్తోంది.

ఇక్కడే మంత్రిగారికి బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. వాగు ఒడ్డున సభ పెట్టి, ఒక జింకను వదిలి, ఒక వేటగాడి చేత లొంగుబాటు చేయించాలి. జింకను పట్నం నుంచి లారీలో తెప్పిస్తారు. షామియానా, బిర్యానీ ఖర్చంతా మందుల ఫ్యాక్టరీ ఓనరు నరసరాజు గారిది. ఆయనకు 'వన్యప్రాణి మిత్ర' షీల్డు ఇస్తారు. ఇక కావలసింది వేటగాడే.

"స్టేజీ మీద ఉచ్చు అప్పజెప్పి, ఇగ వేట బంజేసిన అను. కేసు కొట్టేస్తం," అన్నారు రేంజర్ గారు.

"నా తాన ఉచ్చే లేదు గద సారూ."

"మా ఆఫీసుల ఉన్నది తియ్యి, మేమిస్తం."

కిష్టప్ప చాలాసేపు బర్రె వైపు చూశాడు.

"సరే సారూ. గని మా దిక్కు ఇంటికొచ్చినోళ్లకు ముందుగాల చెంబెడు నీళ్లిచ్చుడు రివాజు. మంత్రి సారుకు నా చేత్తోని ఇయ్యనియ్యుండ్రి."

రేంజర్ గారి కళ్లు చెమర్చాయి. వేటగాడిలో కూడా ఇంత సంస్కారమా అని, ఆ ఐటమ్‌ను ప్రోగ్రాంలో వేయించారు.

సభ రోజు జనం బాగానే వచ్చారు, బిర్యానీ మరి. ముందు నరసరాజు గారు మైకందుకున్నారు. "మా ఫ్యాక్టరీ మీద గిట్టనివాళ్లు ఏవేవో పుట్టిస్తున్నారండీ. మేం వదిలే నీళ్లు ఎంత శుద్ధమంటే, పసిపిల్లలకి పట్టొచ్చండీ!" చప్పట్లు మోగాయి. ముందు వరసలో కూర్చున్నదంతా ఫ్యాక్టరీ జనరల్ షిఫ్టే.

తరువాత మంత్రిగారు బోను తలుపు తీశారు. జింక దిగి, వాగు దాకా నడిచి, మూతి వంచి వాసన చూసింది. వెనక్కి తిరిగొచ్చి తనంతట తానే లారీ ఎక్కింది.

"చూసిండ్రా!" అన్నారు మంత్రిగారు పొంగిపోతూ. "అడవి ప్రాణులకు గూడ మన ప్రభుత్వ వాహనమంటే ఎంత నమ్మకమో!"

ఆ తరువాత కిష్టప్ప ఉచ్చు అప్పగించాడు. దానికి అటవీ శాఖ చీటీ ఇంకా వేలాడుతూనే ఉంది. ఫోటోలు తీశారు. పెళ్లాం పుష్పమ్మ కింద నుంచి తళతళ తోమిన చెంబు అందించింది. కిష్టప్ప రెండు చేతులతో దాన్ని మంత్రిగారి ముందు పెట్టాడు.

"ఇదీ మన పల్లె మర్యాద!" అంటూ మంత్రిగారు చెంబెత్తారు.

పక్క కుర్చీలోంచి నరసరాజు గారు ఆప్యాయంగా అడిగారు. "ఏ బోరు నీళ్లయ్యా?"

"బోరుయి గావు సారూ, మన వాగుయే. పసిపోరలకు పట్టొచ్చని ఇప్పుడే జెప్తిరి గద."

నరసరాజు గారు భారీ మనిషి. అయినా ఆ రోజు ఆయన లేచిన తీరు చూడాలి! ఒక్క ఊపున చెంబు మీద కొట్టారు. చెంబు వెళ్లి జింక లారీ కింద పడింది.

"తాగకండి సార్! చచ్చిపోతారు!"

నా మైకు మంచి మైకు. ఆ మాట చుట్టుపక్కల నాలుగూళ్లకు వినిపించింది.

ముందుగా తేరుకున్నది మంత్రిగారే, నాయకుడంటే అలా ఉండాలి. ప్రాణాలకు తెగించి మంత్రిని కాపాడినందుకు నరసరాజు గారికి షీల్డుతో పాటు శాలువా కూడా కప్పారు. మంత్రికి విషం ఇవ్వబోయినందుకు కిష్టప్పను ఎస్సై గారు జీపెక్కించారు.

"విషమని మీరే అంటున్నరా సారూ?" అన్నాడు కిష్టప్ప ఆశగా. "మరి వాగుల ఉన్నదో?"

"చెంబులో ఉన్నది విషం. వాగులో ఉన్నది శుద్ధి చేసిన నీళ్లు. ఎక్కువ మాట్లాడకు."

పుష్పమ్మ జీపు పట్టుకుని ఏడ్చింది. "నువ్వు వోతే ఒక్కదాన్ని ఎన్నని మోద్దునయ్యా? బర్రె దూపకే సస్తది." నేను పక్కనే వైర్లు చుట్టుకుంటున్నాను. నేనూ పటాన్‌చెరు ఫ్యాక్టరీలు వదిలే పసుపురంగు నీళ్లు తాగి పెరిగినవాణ్ణే, ఏడుపు ఆపుకున్నాను.

కిష్టప్ప తల వంచుకుని ఆలోచించాడు.

"సారూ, జైల్ల తాగనీకి ఏం నీళ్లిస్తరు?"

"మంజీరా నీళ్లు. ఫిల్టర్ చేసినవి. ఎందుకు?"

కిష్టప్ప రెండు చేతులూ జోడించాడు.

"జెర పుణ్యముంటది సారూ. నా బర్రెను గూడ అరెస్టు చెయ్యుండ్రి."