ఏడాదికోసారి వచ్చే ఎండీగారు

ఫ్యాక్టరీ ముఖం చూడని మేనేజింగ్ డైరెక్టరు దొరకడం కంటే అదృష్టం ఇంకేముంటుంది చెప్పండి! నష్టాల్లో ఉన్న ప్రతి కంపెనీకీ అలాంటి మహానుభావుణ్ణి ఒకరిని కేటాయించాలని నా డిమాండు.

అనుభవం మీద చెబుతున్నాను. కలకత్తా మెటియాబ్రుజ్‌లో గంగ ఒడ్డున లాంచీల సామాను బాగుచేసే వర్క్‌షాపు మాది. అందులో నేను ఇరవై ఆరేళ్లుగా స్టోర్సు గుమాస్తాని. మా ఎండీ శ్యామసుందర్‌గారు మన తెలుగువారే. న్యూ టౌన్‌లో పద్దెనిమిదో అంతస్తులో కూర్చుంటారు. అంత ఎత్తునుంచి చూస్తే ఏ కంపెనీ అయినా బాగానే కనిపిస్తుంది.

దీనివల్ల కార్మికుడికి ఎంత ప్రశాంతతో ఆలోచించండి. ప్రతి సోమవారం వీడియో మీటింగు. మూడో వాక్యం దగ్గర మా నెట్ చస్తుంది, సారు నోరు తెరిచి అలాగే ఆగిపోతారు. మేం నలభైమందిమీ ఆ నోటికేసి అరగంటసేపు గౌరవంగా చూసి, చప్పట్లు కొట్టి లేస్తాం. ఎదురుగా వచ్చి కూర్చుంటే ఇంత క్రమశిక్షణ సాధ్యమా?

వర్షాకాలంలో షాపులోకి మోకాలి లోతు నీళ్లొచ్చాయి. పంపు కావాలని రాశాం. ఒత్తిడి తగ్గుతుందని యోగా చాపలు పంపారు. అవి చక్కగా తేలాయి.

అయితే సారు ఏడాదికి ఒక్కరోజు మాత్రం వస్తారు, విశ్వకర్మ పూజనాడు. ఇక్కడి ఫ్యాక్టరీల్లో ఆ రోజు మెషిన్లన్నీ కడిగి, బొట్టు పెట్టి, దండలు వేస్తాం. పానా కూడా ముట్టుకోం. పెళ్లాం పిల్లలతో వచ్చి ఖిచుడీ తిని వెళ్తాం.

కిందటేడు సారు ఖిచుడీకి ముందు ట్యాబ్ పట్టుకుని షాపంతా తిరిగారు. పెద్ద లేత్ పక్కన మల్లేశు కొత్త చొక్కాలో నిలబడి ఉన్నాడు. తాత కాలంలో శ్రీకాకుళం నుంచి ఇక్కడి ఓడరేవు పనికి వచ్చిన కుటుంబం వాళ్లది. ముప్పయ్యేళ్లుగా లాంచీల షాఫ్టులు ఆ లేత్ మీదే తిప్పుతున్నాడు.

"ఇది నడవడం లేదా?" అని సారు అడిగారు.

"ఇయాల పూజ గదా సార్, ముట్టుకోం. రేపు రండి, తిప్పి సూపిస్తాను" అన్నాడు మల్లేశు.

సారు చిరునవ్వు నవ్వారు. ట్యాబ్‌లో ఉన్నవి రెండే గడులు: నడుస్తోంది, నడవడం లేదు. ఆయన అబద్ధం ఆడే మనిషి కాదు.

నెల తిరిగేసరికి ఉత్తర్వు వచ్చింది. తనిఖీలో నడవని యంత్రాలన్నీ నిరుపయోగం కాబట్టి వేలానికి పెట్టాలట. ఆ రోజు షాపులో నడిచింది సీలింగ్ ఫ్యాను ఒక్కటే. అది మాకు మిగిలింది!

పెద్ద లేత్ లారీ ఎక్కింది. సగం తిప్పిన షాఫ్టును మాత్రం దయతో కింద దించారు. మేం మూడు ఈమెయిళ్లు పంపాం. మూడింటికీ నిమిషంలో జవాబొచ్చింది, మీ అభిప్రాయం మాకెంతో విలువైనదని. పూజనాడు విశ్వకర్మ విగ్రహం వెనక ఉండి సారు కంటికి ఆనని చిన్న లేత్, రెండు డ్రిల్లింగ్ మెషిన్లు మిగిలాయి. మల్లేశు ఇప్పుడు ఆ చిన్నదాని మీద బోల్టులు చేస్తున్నాడు. అవీ పోతే నలభైమందిమీ ఇళ్లకు పోవలసిందే.

అలాగని సారు విజయాన్ని కాదనగలమా? ఈ ఏడాది మా షాపులో బ్రేక్‌డౌన్లు దాదాపు లేవు. చెడిపోవడానికి మెషిన్ ఉండాలి కదా! హెడ్డాఫీసులో ఆయనకు శాలువా కప్పారట.

నాకు మాత్రం ఒళ్లు మండిపోతోంది. ఆ శాలువా వార్త ఉన్న కాగితం నోటీసు బోర్డుకు అంటించింది నేనే.

మళ్లీ పూజ దగ్గరకొచ్చింది. మొన్న పూజా కమిటీ కూర్చున్నప్పుడు మల్లేశు లేచాడు. ఏటా తన చేత్తో లేత్‌కు దండ వేసిన మనిషి.

"ఈ యేడు మెషిన్లు ఆపొద్దు దాదా. పూజనాడు కూడా నడిపేద్దుం" అన్నాడు.

"అపచారం కాదేటి?" అన్నాడు కమిటీ సెక్రటరీ గోవిందరాజు.

మల్లేశు అతనికేసి తిరిగాడు. "దేవుడికైతే నాను సెప్పుకుంటాను. సారుకి సెప్పుకోలేం గదా."