మయిలై గృహప్రవేశం

నేలలో మొహం కనబడాల్సిన పని ఏ మనిషికీ లేదు. నాచిముత్తు ఈ సంగతి ఇల్లు మొదలుపెట్టినప్పుడే చెప్పాడు, ఎర్ర గచ్చు చాలన్నాడు. కూతురు పూంగొడి వినలేదు. గోబి టౌనుకు వెళ్ళి అద్దాల్లాంటి టైల్స్ తెచ్చి ఇల్లంతా పరిపించింది. చెడింది అక్కడే.

గృహప్రవేశం రోజు పొద్దున చేయాల్సింది చాలా చిన్న పని. ఆవూ దూడా ముందు లోపలికి రావాలి, వెనక ఇంటివాళ్ళు రావాలి, మంచి ఘడియ దాటకముందే పాలు పొంగాలి. అయితే ఆ రోజు ఊరంతా గృహప్రవేశాలే. మాట్లాడుకున్న ఆవును ఇంకెవరో తోలుకుపోయారు. దూడ ఉన్న ఆవు ఇంకొక్కటే మిగిలింది. అది చెన్నియప్పన్‌ది, పేరు మయిలై.

చెన్నియప్పన్ అంటే నాచిముత్తు బావమరిది, పోయిన భార్యకు తమ్ముడు. ఈ ఇంటికి పునాది తవ్విస్తుంటే గట్టున నిలబడి, "ఒంటి మనిషికి ఇంత కొంప ఎందుకు మచ్చాన్?" అని బావను నలుగురిలో అన్నాడు. ఇలాంటి ఇల్లు కావాలని భార్య పెళ్ళయిన నాటి నుంచీ అడిగింది. బతికుండగా కట్టలేకపోయాడు. ఆ బావమరిది ఈ గడప తొక్కకూడదని నాచిముత్తు అప్పుడే ఒట్టు పెట్టుకున్నాడు.

"ఆవు రావచ్చు. దాని వెనకాల మనిషి రాకూడదు," అన్నాడు కూతురితో.

"మామ వీధిలోనే నిలబడతాడట అప్పా."

"వీధి పంచాయతీది. నిలబడమను."

మయిలై కొమ్ములకు పసుపు రాసుకుని, మెడలో చామంతి దండతో వచ్చింది. నేల మీద గోనెపట్టాలు పరిచి ఉండటంతో దర్జాగా హాలు దాటి వంటింటి గుమ్మంలో ఆగింది. సరిగ్గా అప్పుడే వీడియో తీసేవాడు నోరు విప్పాడు.

"అక్కా, ఈ గోనెలతో ఇల్లు గోడౌన్‌లా పడుతోంది. తీయించండి."

పూంగొడి తీయించింది. ఊరుకోక తడిగుడ్డ కూడా పెట్టించింది. మయిలై కిందికి చూసింది. కింద ఇంకో ఆవు తలకిందులుగా, దీని కాళ్ళకే కాళ్ళు ఆనించి నిలబడి ఉంది. అంతే, నాలుగు కాళ్ళూ బిగబట్టుకుంది.

పచ్చగడ్డి చూపించారు. మెడ చాచి తినేసింది, కాలు మాత్రం కదపలేదు. "దూడను బయటికి లాగండి, తల్లి అదే వస్తుంది," అందొక పెద్దావిడ. దూడ జారుకుంటూ వాకిట్లోకి పోయి అక్కణ్ణుంచి అరిచింది. తల్లి ఇక్కణ్ణుంచి అరిచి, ఆ బెదురులో పంచితం పోసింది.

"శుభం! శుభం!" అని చుట్టాలంతా చేతులు జోడించారు. ఆ శుభంలో కాలు వేసి పూజారి జారాడు. ఆయన చేతిలోని కొత్త పాలకుండ పగిలింది.

"ఘడియ పోతోందయ్యా!" అన్నాడు పూజారి గోడను కౌగిలించుకుని. "దీని యజమానిని పిలవండి. ఆ గొంతు వింటే కదులుతుంది."

"వీధిలోంచే పిలవమనండి," అన్నాడు నాచిముత్తు.

"మయిలై! రావే తల్లీ!" అని వీధిలోంచి కేక వచ్చింది. ఆవు చెవులు నిక్కించింది, తోక ఊపింది, అక్కడే ఉంది.

నాచిముత్తు వంటింట్లో వెలగని పొయ్యి వైపు చూశాడు. ఆమె అడిగిన ఇంట్లో పాలు పొంగకపోవడమా, తన ఒట్టు పోవడమా?

"రమ్మను," అన్నాడు పళ్ళ బిగువున. "కాళ్ళు కడుక్కుని రమ్మను."

చెన్నియప్పన్ తడికాళ్ళతో వచ్చాడు. అక్క ఇంటికి పుట్టింటి కానుకగా తెచ్చిన ఇత్తడి బిందె చంకలో ఉంది. రెండడుగులు వేశాడో లేదో, రెండు కాళ్ళూ గాల్లోకి లేచాయి. బిందె దొర్లుకుంటూ ఆవు పొట్ట కింది నుంచి వంటింట్లోకి పోయింది. యజమాని కూలబడటం చూసి మయిలై కూడా మోకాళ్ళు మడిచి పక్కనే పడుకుంది.

"నడుం పోయింది మచ్చాన్!"

"గడప తొక్కావుగా. పోతుంది."

"తిట్లు తర్వాత తిడుదురు గాని, ముందు పొలం మట్టి తెచ్చి చల్లించండి! మట్టి తగిలితే అదే లేస్తుంది."

బుట్టలతో మట్టి తెచ్చి చల్లారు. పూంగొడి ఏడ్చింది. మయిలై వాసన చూసి, లేచి, మహారాణిలా బయటికి నడిచింది. నాచిముత్తు ఆ మట్టి మీదే వంటింట్లోకి వెళ్ళాడు. వేరే కుండ లేదు. బావమరిది బిందెలోనే పాలు పోసి పొయ్యి వెలిగించాడు. ఘడియ దాటకముందే పాలు పొంగాయి. చెన్నియప్పన్ పడుకునే దండం పెట్టాడు.

నాటువైద్యుడు వచ్చి నడుం నొక్కి చూశాడు. ఒక మండలం పాటు ఇక్కణ్ణుంచి కదపకూడదన్నాడు. అలా కొత్తింట్లో కొత్త మంచం మీద మొదట పడుకున్నవాడు చెన్నియప్పన్ అయ్యాడు. అతని గొంతు వినబడకపోతే పాలివ్వనని మయిలై మొండికేయడంతో దాన్నీ కిటికీ పక్కన కట్టేశారు.

మండలం గడిచింది. చెన్నియప్పన్ తువ్వాలు భుజాన వేసుకుని నిటారుగా నిలబడ్డాడు.

"వెళ్ళొస్తాను మచ్చాన్."

నాచిముత్తు అతన్ని పైనుంచి కిందికి చూశాడు. "నడక బాగాలేదు. ఇంకో మండలం పడుకో."

"ఇంకా నడవనే లేదు కదా!"

"నడిస్తే బాగుండదు. పడుకో."

ఆ వారమే టీ కొట్టు దగ్గర ఎవరో నవ్వుతూ అడిగారు, "ఒట్టు ఏమైంది అన్నా?" అని.

నాచిముత్తు గ్లాసు కింద పెట్టాడు. "అది నాకూ ఆవుకూ మధ్య సంగతి. ఈ జన్మలో ఇక దాని గురించి మాట్లాడను."